లంక దారిలో వరద ఒండ్రు తీయడానికి పాత జీటర్ ట్రాక్టర్‌కి బ్లేడు... ముందా, వెనకా?

లంకబండి (జూన్ 8)

అందరికీ నమస్కారం అండీ. ఇది వ్యాపారం కోసం కాదు, సరదా కోసం అడుగుతున్నా. మా ఆవిడ దీన్ని సరదా అనదు, పిచ్చి అంటుంది, అది మా ఇంటి గొడవ.

సంగతేంటంటే, మా నాన్నగారి హెచ్ఎంటీ జీటర్ 2511 పన్నెండేళ్లుగా కొబ్బరి డొక్కలు పోసే పాకలో పడుంది. పాతిక హార్స్‌పవర్, రెండు సిలిండర్ల బండి. చెక్ వాళ్లతో కలిసి హెచ్ఎంటీ వాళ్లు పింజోర్‌లో 1971లో ఈ బళ్లు చేయడం మొదలెట్టారు, మాది ఆ తొలినాళ్లలో కొన్నదే. నాన్నగారు పోయాక పాత ఇనుముకి ఇచ్చేద్దామని అన్నయ్య, వద్దని నేను. నాకు కాకినాడలో ఉద్యోగం, శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరొచ్చి పోయినేడాది ఆదివారాలన్నీ దాని కిందే పడుకున్నా. లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్పించా, పంపు విప్పించి సెట్ చేయించా, డీజిల్ ట్యాంకులోంచి కందిరీగల గూడు తీశా (నిజంగానే). ఇప్పుడు సెల్ఫ్ కొడితే రెండో తిప్పుకి అందుకుంటోంది. ఆ డబ్‌డబ్ వినపడగానే పక్కింటి తాతగారు కర్ర పోటేసుకుంటూ వచ్చి, బానెట్ మీద చెయ్యేసి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయారు.

సరే, బండి లేచింది. దానికిప్పుడు పనేది? దమ్ముకి ఊళ్లో యాభై గుర్రాల బళ్లున్నాయి, దీన్ని ఎవరు పిలుస్తారు? రాత్రిళ్లు యూట్యూబ్‌లో అమెరికా, కెనడా పెద్దాయనలు డెబ్బై ఎనభై ఏళ్ల నాటి క్యాటర్‌పిల్లర్లూ గ్రేడర్లూ బాగుచేసుకుని, మంచు పడ్డ రోజున వాళ్ల వీధీ పక్కోళ్ల వాకిలీ తుడిచిపెడుతుంటారు, డబ్బులు కూడా తీసుకోరట. అవి చూసీ చూసీ నాకు పురుగు తొలిచింది. మనకి మంచంటే సంక్రాంతి పొద్దున కొబ్బరాకుల మీంచి కారేదే కదా. కానీ మాకూ పడేది ఒకటుంది: గోదారి వదిలిపోయే ఒండ్రు.

మాది గోదారి వశిష్ట పాయ మీద ఒక లంక, అంటే ఏటి మధ్య దీవి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం రెండో హెచ్చరిక, అంటే 13.75 అడుగులు దాటితే మా కాజ్‌వే (లంకకి వచ్చే ఎత్తు తక్కువ దారి) మునిగినట్టే. కాజ్‌వే నుంచి ఊళ్లో రామాలయం దాకా 200 మీటర్ల సిమెంటు రోడ్డు, మూడు మీటర్ల వెడల్పు. 2022 జూలైలో బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు నీళ్లు తీశాక చూస్తే పల్లంలో మోకాలి లోతు, మిగతా చోట్ల అర అడుగు మేట. బైకు కూడా పోలేదు. మిషను వచ్చేదాకా గ్యాస్ బండలు భుజాల మీదే మోశాం.

ఈసారి వరద వస్తే ఆ 200 మీటర్లూ ఈ జీటర్‌తో నేనే తీద్దామని. బ్లేడు ముందు పెట్టించాలా, వెనక పెట్టించాలా? ఆకివీడు వైపు చెరువులు తవ్విన పాత చైన్ డోజరు, బీఈఎంఎల్ డీ-50, తుక్కు రేటుకి వస్తుందని ఒకరు చెబుతున్నారు, దాని మీద కూడా మనసు లాగుతోంది. వద్దంటే వద్దనండి, ఎందుకో మాత్రం చెప్పండి.


రావులపాలెం పానా

ముందు ఆ డోజరు సంగతి తేల్చేద్దాం అండి. తుక్కు రేటుకి అమ్ముతున్నాడంటే కింద చైను అయిపోయిందని అర్థం. చైను పిన్నులు, బుష్షులు, రోలర్లు, వెనక పళ్లచక్రం, ముందు ఐడ్లరు, వీటి ఖర్చే సగం బండి ఖర్చు. పళ్లచక్రం పళ్లు సూదుల్లా మొనదేలి ఉంటే బేరం కూడా ఆడొద్దు. పైగా అది పది టన్నుల పైనుంటుంది. మీ లంకకి ఎలా తెస్తారు, పంటు (బల్లకట్టు) మీద ఎక్కిస్తారా? తెచ్చారనుకోండి, ఆ చైను పలకలు మీ సిమెంటు రోడ్డుని రెండు రోజుల్లో దున్నేస్తాయి. మేట తీయబోయి రోడ్డే తీసినట్టు అవుద్ది.

ఇక జీటర్. ముందు డోజరు పెట్టొద్దు. ఈ సైజు బండి ఏదైనా ముందు ఇరుసు తేలికగా ఉంటుంది, అది స్టీరింగు కోసమే గానీ బరువు తోయడం కోసం కాదు. బ్లేడూ దాని ఫ్రేమూ కలిపి మూడు నాలుగు వందల కిలోలు ముక్కు మీద వేలాడదీస్తే సెంటర్ పిన్నూ, చక్రాల దగ్గర బేరింగులూ ఎన్నాళ్లుంటాయి? స్టీరింగు తిప్పలేక మీ భుజాలు పోతాయి. బరువంతా ముందుకొచ్చి వెనక చక్రాలు తేలిపోయి, ఒండ్రులో అక్కడే తిరుగుతుంటాయి.

వెనక త్రీ పాయింట్‌కి (పనిముట్లు తగిలించే మూడు లింకులకి) అయిదున్నర అడుగుల బ్లేడు చేయించండి. ఈడ్చేటప్పుడు బరువు వెనక చక్రాల మీదకే దిగుతుంది, మీకు కావాల్సిందదే. బ్లేడు అడ్డంగా తిరిగేట్టు నాలుగైదు చిల్లులతో టర్న్ టేబుల్ పెట్టించండి, ఏటవాలుగా పెడితే మట్టి దానంతటదే ఒక పక్కకి కోరుకుంటూ పోతుంది. ఒక్కసారి రెండంగుళాలు మాత్రమే, అడుగు లోతూ ఒక్క తోపులో తీద్దామనుకుంటే క్లచ్ ప్లేటు కాలిన వాసన కాజ్‌వే దాకా వస్తుంది. రివర్సులో మాత్రం ఆ బ్లేడుతో గట్టిగా తోయకండి, కింది లింకులు లాగడానికి చేసినవి, తోస్తే వంగిపోతాయి. వెనక టైర్లలో ముప్పాతిక దాకా నీళ్లు నింపండి. కేజ్ వీల్స్ (దమ్ముకి వేసే ఇనుప చక్రాలు) వేద్దామని బుద్ధి పుట్టొచ్చు, సిమెంటు రోడ్డు మీద వేశారో ఊళ్లోవాళ్లు మిమ్మల్నే వేస్తారు.

ఇంకోటి, ఇది ప్రాణం మీద సంగతి. బండి దిగబడితే గొలుసు కింద హిచ్‌కే కట్టాలి. టాప్ లింకు (త్రీ పాయింట్‌లో పై లింకు) బ్రాకెట్‌కి కట్టి లాగితే ముక్కు లేచి వెనక్కి తిరగబడుతుంది, దూకే టైము కూడా ఉండదు. మా వైపు అలా పోయినవాళ్లున్నారు.


ఏటిగట్టు సెంటర్

ఎందుకండీ ఇదంతా. జేసీబీ పిలిస్తే అరపూటలో అయిపోద్ది. మీరు బండికి పెట్టిన ఖర్చుతో పదేళ్లు జేసీబీ పిలవొచ్చు.

సరే, చేస్తానంటే చేయండి గానీ పంచాయతీలో ఒక కాగితం ముక్క రాయించుకోండి, ఇన్సూరెన్సు కట్టండి. ఏటిగట్టు జోలికి మాత్రం వెళ్లకండి. గట్టు వాలు మీద మట్టి గోకినా, తీసిన ఒండ్రు గట్టు లోపలి వైపు గుట్ట పోసినా ఇరిగేషన్ వాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు గట్లు తెగితే ఎలా ఉంటుందో మా ఇంట్లో పెద్దాళ్లు ఇప్పటికీ చెబుతారు.


లంకబండి

పానా గారూ, చాలా థాంక్స్ అండి. డోజరు మీద మనసు సగం చచ్చింది, పంటు మాటతో మిగతా సగం కూడా. ఏటిగట్టు గారూ, జేసీబీ అరపూటలో చేస్తుంది, నిజమే, కానీ వరద తీసిన వారంలో ఈ మూల నుంచి ఆ మూల దాకా లంకలన్నీ దాన్నే పిలుస్తాయి, మా వంతు వచ్చేసరికి ఒండ్రు ఇటుక అవుతుంది. ఖర్చు సంగతి మా ఆవిడకి చెప్పలేదు, మీరూ చెప్పకండి.


అరటిగెల

ఇందాకటి నుంచి బండి గురించే మాట్లాడుతున్నారు, మట్టి గురించి ఒక్కరూ మాట్లాడట్లేదు. మాదీ లంకే, గౌతమి వైపు. పెళ్లై వచ్చిన ఇరవై రెండేళ్లలో ఎన్ని వరదలు కడిగానో నాకే లెక్క లేదు. మా అత్తగారు నేర్పింది చెబుతా.

నీళ్లు తీస్తున్నప్పుడు, ఇంకా చీలమండ లోతు ఉండగానే ఇల్లు కడిగేయాలి. అప్పుడు ఒండ్రు జావలా ఉంటుంది, చీపురుతో కలియబెడితే వెళ్లే నీళ్లతోనే వెళ్లిపోతుంది. ఆ అదను తప్పితే రెండో రోజు నుంచి నాలుగైదు రోజులు బంక. పారకి అంటుకుంటుంది, కాలికి అంటుకుంటుంది, ఒక పార తీసి విసిరితే సగం పారతోనే వెనక్కి వస్తుంది. ఆ రోజుల్లో మనిషైనా మిషనైనా దాన్ని ముట్టుకోకూడదు. ఎండ కాస్తే తర్వాత నెర్రెలు విచ్చి, అంచులు పైకి లేచి పెంకుల్లా అవుతుంది. అప్పుడు సిమెంటు మీంచి పెళ్లలు పెళ్లలుగా ఊడొస్తుంది, మా పిల్లలు ఆడుకుంటూ తీసేసేవాళ్లు. ఇంకా వదిలేస్తే అది పూర్తిగా గట్టిపడి గునపం అడుగుతుంది. ఇసుక మేటకి ఇదేం వర్తించదు, అది తడిగా ఉన్నప్పుడే తేలిక. మీ దారిలో ఏది ఎక్కడ పడుతుందో ముందు చూసుకోండి, ఏటి దగ్గర ఇసుక, లోపలికి వచ్చేకొద్దీ మెత్తటి ఒండ్రు.

ఇంకో మాట, కాస్త కోపంగానే. ఒకసారి మా వీధికి ఒక మిషను వచ్చింది, డ్రైవరు చక్కగా రోడ్డు తీసి, తీసిందంతా పక్కనున్న బోదెలోకి (చిన్న కాలవలోకి) తోసి పోయాడు. నెల రోజులు మా తోటకి నీళ్లెక్కలేదు, మురుగు కూడా దిగలేదు. పక్కకి కోరుకుంటూ పోతుంది అని పానా గారు ఎంత తేలిగ్గా అనేశారు! ఆ పక్కన ఎవరి తోటో, ఎవరి బోదో ఉంటుందండీ. ఒండ్రు బంగారం, కొబ్బరి మొదళ్లకి పోస్తామంటే మా వీధిలో నలుగురం ట్రక్కులు పంపుతాం. అడిగి పోయండి, అంతే.

పాములుంటాయి. బూట్లేసుకోండి.


గ్రెఫ్ పింఛను

బాబూ లంకబండీ, నేను అంబాజీపేట దగ్గరవాణ్ణి. గ్రెఫ్‌లో డోజరు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను, అంటే సరిహద్దు రోడ్ల సంస్థ బళ్లు నడిపేవాళ్లం. మనాలి మీద రోహ్‌తాంగ్ కనుమ, ఎత్తు 3978 మీటర్లు, అక్కడ ఎన్నో ఏళ్లు మార్చి నెల వచ్చిందంటే నా పని మంచు కోయడమే. మన కోనసీమ మనిషికి మంచుతో పనేంటని మా ఆవిడ నవ్వేది. ఇప్పుడు నువ్వు ఇక్కడే మంచు తీస్తానంటున్నావు, అందుకే రాస్తున్నా.

మంచులో మొదటి కష్టం తోయడం కాదు, రోడ్డు ఎక్కడుందో తెలియకపోవడం. అంతా తెల్లగా ఒకటే వాలు, బ్లేడు నాలుగడుగులు అటు పోతే లోయే. అందుకని రోడ్డు అంచున పొడుగు గుంజలుంటాయి, వాటిని పట్టుకుని, ముందు ఒకడు ఇనుప ఊచతో గుచ్చి చూస్తూ నడిస్తే, వాడి వెనకాల మేం. నువ్వు వరద రాకముందే, ఈ నెలలోనే, నీ 200 మీటర్లకీ రెండు పక్కలా సరుగుడు గుంజలు పాతు, పది మీటర్లకొకటి, ఎర్ర గుడ్డ కట్టు. మేట పడ్డాక బోదె ఎక్కడో రోడ్డెక్కడో నీకు నువ్వే చెప్పలేవు, పుట్టి పెరిగిన ఊరైనా సరే.

రెండోది. ఇరవై అడుగుల గోడని మేం ఒక్కసారి ఎప్పుడూ కోయలేదు. పై పొర తీసి లోయ వైపు తోసి, మళ్లీ కిందికి దిగడం. అంచు దాకా తీసుకెళ్లి తోయకూడదు, చివరి కుప్పని అక్కడే వదిలి, దాని వెనక ఇంకో కుప్ప తెచ్చి దాంతో మొదటిదాన్ని నెట్టాలి. అప్పుడు నీకూ లోయకీ మధ్య ఎప్పుడూ ఒక కుప్ప ఉంటుంది. కాజ్‌వే అంచున ఇదే సూత్రం. కొత్త కుర్రాళ్లకి ఇది చెప్పడానికి నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

మాకు ఎండ ముదిరితే పైనుంచి చరియలు జారతాయి, అందుకని చీకటితో లేచి పొద్దుటే పని కానిచ్చేవాళ్లం. నీకు దానికి తిరగేసి, ఎండే చుట్టం. అమ్మాయి అరటిగెల చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, ఆవిడ మాట విను. అంత ఎత్తున గాలి పల్చన, మా డీ-80 డోజర్ల ఇంజన్లు నల్లపొగ కక్కుతూ లాగలేకపోయేవి, ఇక్కడ నీ జీటర్‌కి ఆ బాధ లేదు, గాలి నిండా ఉంది, ఉప్పు కూడా కలిసి ఉంది.

2020 అక్టోబరులో ఆ కనుమ కింద అటల్ సొరంగం తెరిచాక లాహౌల్ జనానికి చలికాలం కూడా దారి దొరికింది. మంచిదే. కానీ మే నెలలో అటు కోక్‌సర్ వైపు నుంచి కోసుకొచ్చిన వాళ్ల బ్లేడూ, ఇటు నుంచి వెళ్లిన మా బ్లేడూ ఎదురుపడ్డ రోజున తాగిన టీ రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదు.


మంచులో మామిడికుదురు

నేను మిషిగన్ ఉత్తర కొసన ఉంటున్నా అండి, సుపీరియర్ సరస్సు ఒడ్డున. సరస్సు మీంచి వచ్చే గాలి తేమంతా మా నెత్తిన మంచుగా దింపుతుంది, సీజన్‌కి 200 అంగుళాలు మామూలు. మీరు వీడియోల్లో చూసే పెద్దాయనల్లో ఒకాయన మా ఎదురింట్లోనే ఉంటారు. ఆయనది క్యాటర్‌పిల్లర్ డీ2, ఆ మోడల్ 1938 నుంచి 1957 దాకా వచ్చింది. నాకు పొద్దున్న ఆఫీసుకి లేటవుతున్నా దాన్ని స్టార్ట్ చేయడం చూడకుండా వెళ్లలేను.

దానికి డీజిల్ ఇంజను పక్కనే బుల్లి పెట్రోలు ఇంజను ఒకటుంటుంది, పోనీ అంటారు. దాన్ని తాడు చుట్టి లాగి స్టార్ట్ చేస్తారు. రెండింటికీ నీళ్లు ఒకటే, కాబట్టి చిన్నది తిరుగుతుంటే పెద్దదాని ఒళ్లు వెచ్చబడుతుంది, దాని పొగ గొట్టం పెద్దదాని గాలి గొట్టాన్ని కూడా వేడి చేస్తుంది. డీకంప్రెషన్ లివరు ఎత్తి పెట్టి పెద్ద ఇంజనుని ఊరికే కాసేపు తిప్పుతారు, నూనె పాకుతుంది. అప్పుడు లివరు దించి డీజిల్ ఇస్తే గుప్పుమని అందుకుంటుంది. సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉన్నా లేస్తుంది, నా కొత్త కారు కంటే నయం. పావుగంట తతంగం, ఆయనకి హడావుడి లేదు కదా.

కానీ లంకబండి గారూ, ఒక్క లెక్క చూడండి. అప్పుడే పడ్డ పొడి మంచు ఘనమీటరు 50 నుంచి 100 కిలోలు, గాలికి గట్టిపడ్డది 300, 400. తడి ఒండ్రు 1600 నుంచి 1900. మీ దారి 200 మీటర్లు, మూడు మీటర్ల వెడల్పు, అర అడుగు మేట అంటే సుమారు 90 ఘనమీటర్లు. మంచైతే తొమ్మిది టన్నుల లోపు, ఎదురింటాయన కాఫీ చల్లారేలోపు తీసేస్తారు. ఒండ్రైతే 150 టన్నులు. ఆ వీడియోల్లో బ్లేడు నిండా తోసుకుంటూ పోవడం చూసి మోసపోకండి. ట్రక్కుకి మూడు టన్నులేసుకున్నా 50 ట్రక్కులు. ఎండి పెంకులయ్యాక తేమ పోయి బరువు తగ్గుతుంది, అది మీకు కలిసొచ్చేది.

ఇక్కడివాళ్ల దగ్గర కాపీ కొట్టదగ్గవి రెండున్నాయి. మంచు బ్లేడు కింది అంచుకి స్ప్రింగులుంటాయి, మ్యాన్‌హోల్ మూతో రాయో తగిలితే అంచు వెనక్కి మడిచి దాటేసి మళ్లీ లేస్తుంది. మీకు అంత అక్కర్లేదు, ఒక మెత్తటి బోల్టు పెట్టించండి, గట్టిగా తగిలితే బోల్టు తెగాలి, లింకు కాదు. రెండోది, కరిగిన చిత్తడి మంచుకి ఇనుప అంచు కాకుండా రబ్బరు అంచు వాడతారు, రోడ్డుని పొడవకుండా తుడుస్తుంది. అరటిగెల గారు చెప్పిన జావ దశకి అది సరిగ్గా సరిపోతుంది. మన వైపు రైస్ మిల్లుల్లో పాత బెల్టులు పడుంటాయి కదా.

తోసిన మంచు ఒక రాత్రి ఊరుకుంటే రాయవుతుంది, అందుకని సీజన్ మొదట్లోనే కుప్పల్ని బాగా వెనక్కి నెడతారు, లేకపోతే జనవరికి వీధి సగమవుతుంది. చైను బండిని రాత్రి నేల మీద వదలరు, చెక్కల మీద ఆపుతారు, లేదంటే పొద్దుటికి చైను నేలకి అతుక్కుని గడ్డకడుతుంది. మీకు గడ్డకట్టదు గానీ, ఒండ్రు ఎండితే సిమెంటే. సాయంత్రం సాయంత్రమే కడిగేయండి.

మీ పోస్టు చదివి మా అమ్మకి ఫోన్ చేశా, వైనతేయలో నీళ్లు ఎలా ఉన్నాయని. ఇంకా కాలువలే సరిగ్గా నిండలేదట.


లంకబండి (ఆగస్టు 27)

చాలా రోజులైంది, మీరంతా మర్చిపోయుంటారు. జరిగింది రాస్తున్నా.

బ్లేడు వెనకే పెట్టించాం, అయిదున్నర అడుగులు, కటింగ్ అంచు ఒక పాత డోజరుది కోసి అతికించాడు (అలా డోజరు కోరిక కూడా కాస్త తీరింది). పక్కన బిగించుకోడానికి మిల్లు బెల్టు ముక్క. గ్రెఫ్ బాబాయ్ గారు చెప్పిన సరుగుడు గుంజలు 42 పాతాం. ఎర్ర గుడ్డలు చూసి ఊళ్లో సగం మంది ఏదో జాతర అనుకున్నారు, మిగతా సగం రోడ్డు వెడల్పు చేస్తారని కంగారు పడ్డారు.

గోదారి వచ్చింది. రెండో హెచ్చరిక దాటి రెండు రోజులు నిలబడి తీసింది. నాకు సెలవు దొరికి వచ్చేసరికి నీళ్లు చీలమండ లోతు కూడా లేవు, రామాలయం ముందు ఓ ముప్పై మీటర్లు మాత్రం జావలా ఉంది. బెల్టు వేసి అది తుడిచేశా. నా జీవితంలో అంత సుఖంగా ఏ పనీ జరగలేదండీ, గిన్నె తుడిచినట్టు వచ్చేసింది.

ఇక అక్కడ ఆగాలి కదా. ఆగలేదు. అరటిగెల గారు అంత స్పష్టంగా చెప్పారు, బంక రోజుల్లో ముట్టుకోవద్దని. నాకేమో మూడు రోజులే సెలవు. మర్నాడు ఇనుప అంచు వేసి దిగా. మొదటి పది మీటర్లకే బ్లేడు ఒండ్రుతో పెద్ద ఉండైపోయింది, ఎత్తితే రాదు, దించితే దిగదు, గొర్రు పుల్లతో గోకి గోకి చేతులు బొబ్బలు. గుంజలున్నాయి, కనిపిస్తున్నాయి, అయినా వెనక చక్రం సబ్బు మీద జారినట్టు జారి ముందు చక్రం బోదెలో దిగింది. పెళ్లివారిలా ఊరంతా వచ్చి నిలబడ్డారు. మా అన్నయ్య ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. మా వీధి కుర్రాడి పెద్ద బండి తెచ్చి గొలుసు కడుతుంటే వాడు టాప్ లింకు దగ్గరే కట్టబోయాడు, పానా గారి మాట గుర్తొచ్చి అరిచా. కింద హిచ్‌కి కట్టి లాగాం, వచ్చేసింది.

కాకినాడ పోయి, సెలవు మళ్లీ అడిగి (కారణం వరద సహాయం అని రాశా, అబద్ధం కాదు) ఆరో రోజు వచ్చా. నాలుగు రోజులు ఎండ పేల్చేసింది. నెర్రెలు విచ్చి అంచులు లేచున్నాయి. రెండో గేరులో, బ్లేడు కొంచెం ఏటవాలుగా పెట్టి కదిలితే, ఆ పెంకులు కరకరమంటూ లేచి ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పక్కకి వాలిపోయాయి. ఆ శబ్దం రికార్డు చేశా, ఇంట్లో ఎవరూ వినట్లేదు. రోడ్డు సిమెంటు కనిపించడం మొదలైంది. రెండు రోజులు పట్టింది. కాజ్‌వే దగ్గర పల్లంలో మాత్రం లోపల ఇంకా తడి, దాని మీద ఓడిపోయా, చివరికి అక్కడికి జేసీబీయే వచ్చింది. ఏటిగట్టు గారూ, మీరు నవ్వుకోవచ్చు, ఫర్వాలేదు.

బోదెలోకి ఒక్క పెళ్ల కూడా పోనివ్వలేదు. వరసగా కుప్పలు పెట్టి ఎవరికి కావాలో అడిగితే, ఊరికే ఇస్తున్నామని తెలిసి ట్రక్కులు వరస కట్టాయి. మంచులో మామిడికుదురు గారూ, మీ లెక్క 50 కదా, మాకు 31 ట్రక్కులు వెళ్లాయి, ఎండినందుకు కొంత, పల్లం వదిలేసినందుకు కొంత తగ్గినట్టుంది. పక్కింటి తాతగారు రెండు ట్రక్కులు తన కొబ్బరి మొదళ్లకి పోయించుకుని, డబ్బులిస్తే తీసుకోనని నాకు గెలలోంచి ఎనిమిది బొండాలు పంపారు. మా ఆవిడ రెండో రోజు క్యారేజీ తెచ్చింది, పిచ్చి అని మాత్రం అనలేదు, రామాలయం వెనక కూడా ఉంది చూడు అంది.

ఇప్పుడు పానా గారికో ప్రశ్న. లిఫ్టు ఎత్తి ఉంచితే పది నిమిషాల్లో బ్లేడు దానంతటదే దిగిపోతోంది, వెనక కవరు దగ్గర నూనె చెమ్మ కూడా కనబడుతోంది. లిఫ్టు సిలిండరు ఓ-రింగు (నూనె కారకుండా ఆపే రబ్బరు రింగు) పోయిందంటున్నారు. దాని సైజు ఎంతండీ?


రావులపాలెం పానా

సైజు నన్నడక్కండి. పాత రింగు విప్పి, గుడ్డలో చుట్టి, జేబులో వేసుకుని బెజవాడ ఆటోనగర్ వెళ్లండి, రింగు కౌంటరు మీద పెడితే వాళ్లే చూసి తెచ్చిస్తారు. రెండు కొనండి. విప్పే ముందు బ్లేడు నేల మీదకి దించి, లివరు రెండు సార్లు అటూ ఇటూ ఆడించండి, లోపల ఒత్తిడి పోతుంది. ఎత్తి ఉంచి కింద చెయ్యి పెట్టొద్దు.

ఆ శబ్దం ఇక్కడ పెట్టండి, నేను వింటాను.